క్షయా, క్రోన్సా? పేగు వ్యాధుల నిర్ధారణలో భారత్ ముందున్న చిక్కుముడి

ఆరు నెలలుగా కడుపునొప్పి. అప్పుడప్పుడూ జ్వరం. తిన్నది ఒంటపట్టక తగ్గిపోతున్న బరువు. ఈ లక్షణాలతో వచ్చిన రోగికి కొలొనోస్కోపీ చేస్తే, చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట పుండ్లు కనిపించాయనుకుందాం. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్న వైద్యుడి మనసులో ముందుగా మెదిలే పేరు క్రోన్స్ వ్యాధి. హైదరాబాద్, దిల్లీ, ఢాకా, కరాచీ నగరాల్లోని వైద్యుడి ముందు మాత్రం ఒకేసారి రెండు పేర్లు నిలుస్తాయి. ఒకటి క్రోన్స్, మరొకటి పేగు క్షయ.

చూపుకు ఒకే తీరుగా ఉండే ఈ రెండు వ్యాధుల చికిత్సలు పరస్పర విరుద్ధమైనవి. క్షయ ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చేది. దాన్ని చంపే మందులు ఆరు నెలలు వాడితే చాలావరకు పూర్తిగా నయమవుతుంది. క్రోన్స్ అనేది శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి సొంత పేగులనే గాయపరిచే దీర్ఘకాలిక వ్యాధి. దాన్ని ఆ రక్షణ వ్యవస్థను తగ్గించే మందులతో జీవితకాలం అదుపులో ఉంచవలసి ఉంటుంది. క్షయ ఉన్నవారికి పొరపాటున క్రోన్స్ మందులు ఇస్తే, అణగి ఉన్న సూక్ష్మజీవి ఒళ్లంతా వ్యాపించవచ్చు. క్రోన్స్ ఉన్నవారికి నెలల తరబడి క్షయ మందులు ఇస్తే, ఆ లోపల పేగు మచ్చకట్టి ఇరుకుబారి, చివరకు శస్త్రచికిత్స దాకా పరిస్థితి వెళ్లవచ్చు. కాబట్టి ఇక్కడ రోగ నిర్ధారణ అనేది కేవలం పేరు పెట్టే పని కాదు. రోగి రాబోయే జీవితాన్ని నిర్ణయించే మలుపు.

పాశ్చాత్య వ్యాధి అనే అపోహ

దీర్ఘకాలిక పేగు వాపు వ్యాధులను వైద్యులు సంక్షిప్తంగా ఐబీడీ అంటారు. వీటిలో ప్రధానమైనవి రెండు. మొదటిది అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దపేగు లోపలి పొరకు పరిమితమై, సాధారణంగా మలాశయం దగ్గర మొదలై పైకి పాకుతుంది. నెత్తురు, జిగురుతో కూడిన విరేచనాలు, ఉన్నపళంగా మలవిసర్జనకు పరుగెత్తవలసి రావడం దీని ముఖ్య లక్షణాలు. రెండోది క్రోన్స్. ఇది నోటి నుంచి మలద్వారం దాకా జీర్ణనాళంలో ఎక్కడైనా రావచ్చు. పేగు గోడ మందమంతటినీ తొలిచి, ఇరుకు మార్గాలను, పక్క అవయవాలలోకి దారితీసే రంధ్రాలను ఏర్పరుస్తుంది.

న్యూయార్క్ వైద్యుడు బరిల్ క్రోన్, ఆయన సహచరులు గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ 1932లో ఈ వ్యాధిని ప్రత్యేకంగా వర్ణించి ప్రచురించారు. అంతవరకు ఇటువంటి రోగులలో చాలామందిని పేగు క్షయ బాధితులుగానే పరిగణించేవారు. అంటే క్రోన్స్ వ్యాధి చరిత్ర మొదలైనదే క్షయ నుంచి దాన్ని విడదీసి చూడటంతో. పాశ్చాత్య దేశాల్లో క్షయ క్షీణించడంతో ఈ గందరగోళం క్రమంగా సద్దుమణిగింది. దక్షిణాసియాలో అది నేటికీ సజీవంగానే ఉంది.

ఇది సంపన్న దేశాల జబ్బు అనే అభిప్రాయం మన వైద్య రంగంలోనూ చాలాకాలం బలంగా ఉండేది. పంజాబ్‌లో ఇంటింటి సర్వే ఆధారంగా జరిగిన ఒక అధ్యయనం ఆ అభిప్రాయాన్ని గట్టిగా ప్రశ్నించింది. 2003లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం అక్కడ లక్ష జనాభాకు సుమారు 44 మంది అల్సరేటివ్ కొలైటిస్‌తో జీవిస్తున్నారు. శ్రీలంకలోని రెండు జిల్లాలలో జరిగిన పరిశీలనలో ఈ రేటు అంతకంటే చాలా తక్కువగా కనిపించింది. బ్రిటన్‌లోని లెస్టర్ ప్రాంతంలో స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాలలో అల్సరేటివ్ కొలైటిస్ స్థానిక యూరోపియన్ల కంటే ఎక్కువగా ఉన్నట్లు 1990ల ఆరంభంలోనే పరిశోధకులు గుర్తించారు. మన ప్రజలకు ఈ వ్యాధి రాదన్న భరోసా అప్పుడే సడలిపోయింది.

ప్రపంచవ్యాప్తంగా 1990లో సుమారు 37 లక్షలుగా ఉన్న ఐబీడీ బాధితుల సంఖ్య 2017 నాటికి 68 లక్షలకు చేరిందని అంతర్జాతీయ వ్యాధి భార అధ్యయనం అంచనా వేసింది. భారత్ వంటి పెద్ద దేశంలో రేటు కొద్దిగా పెరిగినా రోగుల సంఖ్య భారీగా పెరుగుతుంది. పైగా ఇది నగరాలకే పరిమితం కాదు. హైదరాబాద్ కేంద్రంగా తెలంగాణ గ్రామాలలో జరిగిన ఒక పరిశీలన, జీర్ణకోశ సమస్యలతో ముందుకు వచ్చిన గ్రామీణులలో ఐబీడీ వాటా పట్టణ రోగులకు దాదాపు సమీపంలోనే ఉన్నట్లు చూపింది. మారుతున్న ఆహారపు అలవాట్లు, శుద్ధి చేసిన నిల్వ పదార్థాల వినియోగం, చిన్నతనంలో విరివిగా వాడే యాంటీబయాటిక్స్, పేగులలోని సూక్ష్మజీవుల సమతుల్యం దెబ్బతినడం వంటి కారణాలను శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్నారు. ఏ ఒక్కటీ ఏకైక కారణంగా రుజువు కాలేదు. జన్యు స్వభావం, పరిసరాలు కలిసి ఈ వ్యాధికి దారితీస్తాయన్నది ప్రస్తుత అవగాహన.

మొలల మందు నుంచి కొలొనోస్కోపీ దాకా

సరైన నిర్ధారణకు ముందు మన రోగి నడిచే దారి సుదీర్ఘమైనది. నెత్తురు పడితే మొలలు అనుకోవడం, జిగట విరేచనాలైతే అమీబియాసిస్ అనుకోవడం, కడుపునొప్పి వస్తే గ్యాస్ లేదా వేడి చేసిందనుకోవడం మన ఊళ్లలో పరిపాటి. మందుల దుకాణంలో కొన్న బిళ్లలు, పసరు మందులు, మొలలకు శాశ్వత పరిష్కారమని గోడల మీద ప్రకటించుకునే కేంద్రాలు... ఇలా నెలలు, కొన్నిసార్లు ఏళ్లు గడిచిపోతాయి. మలవిసర్జన గురించి ఇంట్లో కూడా నోరు విప్పలేని సంకోచం, ముఖ్యంగా యువతులలో, ఈ జాప్యాన్ని మరింత పెంచుతుంది. ఈ వ్యాధులు ఎక్కువగా మొదలయ్యేది 20 నుంచి 40 ఏళ్ల మధ్య వయసులోనే. చదువు, ఉద్యోగం, పెళ్లి వంటి నిర్ణయాలు ముడిపడి ఉండే వయసు అది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదని నిపుణులు హెచ్చరిస్తారు. నాలుగు వారాలకు మించి సాగే విరేచనాలు, మలంలో నెత్తురు, నిద్రలోంచి లేచి వెళ్లవలసి రావడం, కారణం తెలియని జ్వరం, రక్తహీనత, బరువు తగ్గడం, పిల్లలలో ఎదుగుదల మందగించడం వాటిలో ముఖ్యమైనవి. కీళ్ల నొప్పులు, కళ్లు ఎర్రబడటం, కాళ్ల మీద నొప్పితో కూడిన ఎర్రని గడ్డలు కూడా ఒక్కోసారి పేగు వ్యాధికి బయటి ఆనవాళ్లే.

మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష తొలి దశలో ఎంతో ఉపకరిస్తుంది. పేగులో నిజంగా వాపు ఉందా, లేక వాపు లేకుండానే బాధించే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ మాత్రమేనా అన్నది అది చాలావరకు చెబుతుంది. అయితే దానికీ పరిమితులున్నాయి. అంటువ్యాధులలోనూ, కొన్ని నొప్పి మాత్రలు వాడినప్పుడూ ఆ విలువ పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, వాపు క్రోన్స్ వల్లనా క్షయ వల్లనా అనేది అది తేల్చలేదు.

ఒకే ముఖం, రెండు వ్యాధులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచంలో కొత్తగా క్షయ సోకినవారిలో సుమారు 26 శాతం భారత్‌లోనే ఉన్నారు. 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసులు 2023లో 195కు తగ్గాయి. తగ్గుదల గణనీయమైనదే. అయినా క్షయ ఇంకా మన మధ్యనే ఉంది. ఊపిరితిత్తులకే కాక పేగులకు, లింఫ్ గ్రంథులకు, వెన్నెముకకు కూడా అది సోకుతుంది. పేగు క్షయ ఉన్నవారిలో చాలామందికి దగ్గు ఉండదు. ఛాతీ ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు.

రెండు వ్యాధులూ ఎక్కువగా ఎంచుకునేది చిన్నపేగు చివరి భాగాన్నే. రెండింటిలోనూ పుండ్లు, ఇరుకుబారడం, సూక్ష్మదర్శినిలో గ్రాన్యులోమాలు అనే కణ సమూహాలు కనిపిస్తాయి. నిపుణులు వాటిని విడదీయడానికి చిన్న చిన్న తేడాలను ఒక్కటొక్కటిగా పోగుచేస్తారు. పుండ్లు పేగు చుట్టూ అడ్డంగా ఉంటే, కడుపులో నీరు చేరితే, జ్వరం ప్రధానంగా ఉంటే, సీటీ స్కాన్‌లో నడుమ కుళ్లిన లింఫ్ గ్రంథులు కనిపిస్తే, బయాప్సీలో పెద్దవిగా ఒకదానితో ఒకటి కలిసిపోయిన గ్రాన్యులోమాలు ఉంటే మొగ్గు క్షయ వైపు. పుండ్లు పేగు పొడవునా నిలువుగా సాగితే, జబ్బు పడిన భాగాల మధ్య ఆరోగ్యకరమైన భాగాలు మిగిలి ఉంటే, మలద్వారం వద్ద ఫిస్టులాలు ఉంటే, లక్షణాలు ఏళ్ల తరబడి వచ్చిపోతూ ఉంటే మొగ్గు క్రోన్స్ వైపు.

గ్రాన్యులోమా మధ్య భాగం జున్నులా కుళ్లి ఉన్నా, క్షయ సూక్ష్మజీవి పట్టుబడినా సందేహం తీరినట్లే. చిక్కు ఏమిటంటే, పేగు క్షయలో సూక్ష్మజీవుల సంఖ్య చాలా తక్కువ. ఊపిరితిత్తుల క్షయలో వేగంగా, నమ్మకంగా ఫలితమిచ్చే జన్యు పరీక్షలు పేగు ముక్కలలో తరచుగా దాన్ని పట్టుకోలేవు. పరీక్ష పాజిటివ్ వస్తే నమ్మవచ్చు. నెగెటివ్ వచ్చినంత మాత్రాన క్షయ లేదని తేల్చలేము. సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్‌కు వారాలు పడుతుంది. చర్మం మీద, రక్తంలో చేసే క్షయ పరీక్షలు ఎప్పుడో ఒకసారి సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశించిందని మాత్రమే సూచిస్తాయి. జనాభాలో ఎంతోమందికి నిద్రాణ క్షయ ఉన్న దేశంలో ఆ సమాచారం ఒక్కటే చాలదు.

రెండు నెలల పరీక్షా సమయం

అందుకే ఎటూ తేలని సందర్భాలలో ముందుగా క్షయ మందులు ఇచ్చి ఫలితం చూసే పద్ధతి మన దేశంలో స్థిరపడింది. ప్రాణాంతకమైన, పూర్తిగా నయంచేయగల వ్యాధిని ముందు తోసిపుచ్చాలన్నది దాని వెనుక ఉన్న తర్కం. తర్కం సరైనదే. దాన్ని అమలు చేసే తీరులోనే ప్రమాదం పొంచి ఉంది.

క్షయ మందులు వాడిన క్రోన్స్ రోగులలో కూడా గణనీయమైన సంఖ్యలో కొంతకాలం ఉపశమనం కనిపిస్తుంది. దిల్లీ ఎయిమ్స్ పరిశోధకుల అనుభవం ప్రకారం మూడింట ఒక వంతుకు పైగా క్రోన్స్ రోగులు తమకు మెరుగ్గా ఉందని చెప్పారు. కాని తిరిగి కొలొనోస్కోపీ చేసి చూస్తే వారిలో చాలా కొద్దిమందిలో మాత్రమే పుండ్లు మానాయి. క్షయ ఉన్నవారిలో మాత్రం పుండ్లు దాదాపు అందరిలోనూ మానిపోయాయి. అంటే రోగి మాట ఒక్కటే ఆధారం కాకూడదు. పేగును మళ్లీ చూడాలి.

ఇప్పుడు నిపుణులు సూచిస్తున్న పద్ధతి ఇదే. క్షయ మందులు మొదలుపెట్టిన రెండు నెలలకే కొలొనోస్కోపీతో పుండ్లను తిరిగి పరిశీలించాలి. అది సాధ్యం కాని చోట రక్తంలో సీఆర్‌పీ, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ తగ్గుతున్నాయో లేదో చూడాలి. పుండ్లు మానుతుంటే ఆరు నెలల కోర్సు పూర్తి చేయాలి. మానకపోతే క్రోన్స్ గానీ, మందులకు లొంగని క్షయ గానీ కావచ్చునని వెంటనే పునరాలోచించాలి. ఆచరణలో జరుగుతున్నది వేరు. ఆరు నెలలు, తొమ్మిది నెలలు, కొందరిలో రెండోసారి కూడా క్షయ మందుల కోర్సు సాగుతుంది. ఆ మందుల వల్ల కాలేయం దెబ్బతినే ముప్పు ఒకవైపు, చాప కింద నీరులా పేగులో విస్తరించే క్రోన్స్ మరోవైపు. పోగొట్టుకున్న ఆ నెలలు తిరిగి రావు.

నయం కాదు, అదుపు సాధ్యమే

ఐబీడీ అని తేలిన తర్వాత రోగి అడిగే మొదటి ప్రశ్న, ఎప్పటికి నయమవుతుందని. పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. అయితే సరైన చికిత్సతో సంవత్సరాల తరబడి లక్షణాలు లేకుండా సాధారణ జీవితం గడపడం సాధ్యమే. బాధ తగ్గడంతో ఆగకుండా, పేగు లోపలి పొర మానడాన్నే లక్ష్యంగా పెట్టుకోవాలని 2021 నాటి అంతర్జాతీయ నిపుణుల సిఫారసులు చెబుతున్నాయి.

అల్సరేటివ్ కొలైటిస్ స్వల్పంగా, మధ్యస్థంగా ఉన్నప్పుడు మెసలమిన్ ప్రధానమైన మందు. మలాశయానికి పరిమితమైన జబ్బులో మలద్వారం ద్వారా వాడే రూపం మాత్రల కంటే మెరుగ్గా పనిచేస్తుంది. సంకోచం వల్ల చాలామంది దాన్ని వాడరు. ఉద్ధృతి ఎక్కువైతే స్టెరాయిడ్లు వేగంగా ఉపశమనం ఇస్తాయి. కాని అవి మంటను ఆర్పే నీళ్ల వంటివి మాత్రమే. ఏళ్ల తరబడి వాడవలసినవి కావు. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా పాత చీటీ చూపించి పదేపదే స్టెరాయిడ్లు కొనుక్కునే అలవాటు ఎముకల బలహీనతకు, మధుమేహానికి, కంటి శుక్లాలకు దారితీస్తుంది. దీర్ఘకాలం వాడే అజథయోప్రిన్ విషయంలో ఆసియావాసులకు ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో మార్పు ఉన్నవారికి ఆ మందు వల్ల తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ మార్పు మన ఖండంలో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ముందస్తు జన్యు పరీక్ష, తరచు రక్తపరీక్షలు మేలు చేస్తాయి.

ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి బయోలాజిక్ మందులు తీవ్రమైన క్రోన్స్ చికిత్స స్వరూపాన్నే మార్చాయి. ఇక్కడ కూడా క్షయ నీడ వెంటాడుతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడకం మొదలైన కొన్నేళ్లకే, దాన్ని తీసుకున్నవారిలో నిద్రాణ క్షయ తిరగబెట్టిన కేసులు 2001లో వెలుగులోకి వచ్చాయి. అప్పటి నుంచి ఈ మందులకు ముందు క్షయ, హెపటైటిస్ బి పరీక్షలు తప్పనిసరి జాగ్రత్తగా మారాయి. మన దేశంలో చికిత్స మొదలైన తర్వాత కూడా జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే మళ్లీ క్షయ కోసం వెతకవలసిందే.

అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగులో విస్తరించి ఎనిమిదేళ్లు దాటినవారిలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. వారికి క్రమం తప్పని కొలొనోస్కోపీ అవసరం. పొగతాగడం క్రోన్స్‌ను మరింత తీవ్రం చేస్తుంది. గర్భం దాల్చదలచిన మహిళలు జబ్బు అదుపులో ఉన్న సమయాన్ని ఎంచుకోవడం, మందులను సొంతంగా ఆపేయకుండా ముందుగా వైద్యుడితో మాట్లాడటం కీలకం. మెథోట్రెక్సేట్ వంటి కొన్ని మందులు మాత్రం గర్భధారణకు ముందే మానవలసి ఉంటుంది.

ఖర్చు ఎవరిది?

క్షయ రోగికి ప్రభుత్వ కార్యక్రమం ద్వారా మందులు ఉచితంగా అందుతాయి. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన పోషకాహార సాయం 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలైంది. అదే రోగికి జబ్బు క్షయ కాదు, క్రోన్స్ అని తేలిన రోజు ఆ గొడుగు తొలగిపోతుంది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు హామీ ఇస్తుంది. కాని ఐబీడీ ఖర్చులో పెద్ద భాగం ఆసుపత్రి మంచం మీద కాదు, ప్రతి నెలా మందుల దుకాణంలో అవుతుంది. ఆ మందులు మానేసినవాడే చివరకు ఆసుపత్రిలో చేరతాడు. నివారించగల శస్త్రచికిత్సకు డబ్బు చెల్లించి, దాన్ని నివారించే మందుకు చెల్లించని ఏర్పాటు ఆర్థికంగా కూడా లాభసాటి కాదు.

ఈ విషయంలో భారత్‌కు ఒక బలం ఉంది. అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్ 2014లో ఇక్కడే మార్కెట్లోకి వచ్చింది. టోఫాసిటినిబ్ మాత్రలు జనరిక్ రూపంలో అందుబాటులో ఉన్నాయి. అయితే వాటి వాడకంలో అంటువ్యాధులు, రక్తపు గడ్డలు, గుండె సమస్యల గురించిన హెచ్చరికలను గుర్తుంచుకోవాలి. దేశీయ తయారీ సామర్థ్యం ఉన్నప్పుడు, ధరలను ఇంకా తగ్గించి ఈ మందులను రాష్ట్ర ఆరోగ్య పథకాల అవుట్‌పేషెంట్ సేవల్లో చేర్చడం అసాధ్యమేమీ కాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో ఐబీడీ లేదు. రోజుకు పది పదిహేను సార్లు మరుగుదొడ్డికి వెళ్లవలసిన ఉద్యోగి, పరీక్ష హాలులోంచి లేచి వెళ్లలేని విద్యార్థి, బస్సు ప్రయాణమంటేనే భయపడే తల్లి బయటికి ఆరోగ్యవంతులుగానే కనిపిస్తారు. శుభ్రమైన బహిరంగ మరుగుదొడ్డి వారికి సౌకర్యం కాదు, గడప దాటడానికి కావలసిన కనీస షరతు. పరీక్షలలో అదనపు విరామం, కార్యాలయాలలో కొంత వెసులుబాటు వంటివి పెద్ద వ్యయం లేకుండానే చేయగలిగినవి.

ఏం జరగాలి?

మొదట చేయవలసినది జిల్లా స్థాయిలో కొలొనోస్కోపీ, బయాప్సీ సదుపాయాలను, కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షను అందుబాటులోకి తేవడం. రెండోది, క్షయ కార్యక్రమంలో నిర్ధారణ లేకుండా పేగు క్షయకు చికిత్స పొందుతున్న ప్రతి రోగికీ రెండు నెలల వద్ద పునఃపరిశీలనను నియమంగా మార్చడం. మూడోది, మలంలో నెత్తురు అంటే మొలలే అనే నమ్మకాన్ని ఆశా కార్యకర్తల స్థాయి నుంచే సవరించడం.

ఏటా మే 19న ప్రపంచ ఐబీడీ దినం సందర్భంగా నగరాలలోని భవనాలకు ఊదారంగు దీపాలు వెలుగుతాయి. వాటి అవసరం వాటికుంది. అయితే ఒక చిన్న పట్టణంలో, ఆరో నెల క్షయ మందులు మింగుతూ ఇంకా బరువు తగ్గుతూనే ఉన్న రోగిని చూసి, ఇది నిజంగా క్షయేనా అని ఆగి ప్రశ్నించుకునే వైద్యుడు ఆ దీపాలకంటే ఎక్కువ మేలు చేస్తాడు. ఆ ప్రశ్న రెండో నెలలోనే వేసుకోగలిగే వ్యవస్థను నిర్మించడం మన చేతుల్లో ఉంది.